జాన్ క్విన్సీ ఆడమ్సు: అధ్యక్ష పదవి తరువాత

అమెరికా సంయుక్త రాష్ట్రాల తొలి ఏడుగురు అధ్యక్షులలో ఐదుగురు రెండేసి దఫాలు పదవిలో ఉన్నారు. రెండవ దఫా దక్కనివారు ఇద్దరే. ఆ ఇద్దరూ తండ్రీకొడుకులు. తండ్రి జాన్ ఆడమ్సు రెండవ అధ్యక్షుడు. 1800 సంవత్సరపు ఎన్నికలో జెఫర్సను చేతిలో ఓడిపోయినారు. కుమారుడు జాన్ క్విన్సీ ఆడమ్సు ఆరవ అధ్యక్షుడు. 1828లో జాక్సను చేతిలో ఓడిపోయినారు. కుమారుని నాలుగేండ్ల పరిపాలనలో చెప్పుకొనదగిన విజయాలు తక్కువ. మేము నేడు ఆయనను తలచుకొనుట ఆ నాలుగేండ్ల కొరకు కాదు.

పదవి దిగిన అధ్యక్షులు ఆ కాలంలో సొంత ఊరు చేరి, పొలం చూచుకొంటూ, ఉత్తరాలు వ్రాసుకొంటూ శేషజీవితం గడిపేవారు. వాషింగ్టను మౌంటు వెర్ననుకు పోయినారు, జెఫర్సను మాంటిసెల్లోకు పోయినారు. జాన్ క్విన్సీ ఆడమ్సు మాత్రం రెండేండ్లు దాటగానే తిరిగి రాజధానికి వచ్చి ప్రతినిధుల సభలో సామాన్య సభ్యుడుగా కూర్చున్నారు. మాజీ అధ్యక్షుడు ఆ సభలో సభ్యుడగుట ఆ దేశ చరిత్రలో అదే మొదలు. నేటి వరకు మరొకరు ఆ పని చేయలేదు. అక్కడ ఆయన గడపిన సుమారు పదునేడేండ్ల కథ మన ప్రసంగానికి విషయం. అయితే ఆ మనిషి ఎట్టివాడో తెలియనిదే ఆ కథ బోధపడదు గనుక, మొదటినుండి కొంత చెప్పక తప్పదు.

ఆయన 1767 జూలై 11వ తేదీన మసాచుసెట్సులోని బ్రెయింట్రీ గ్రామంలో పుట్టినారు. ఆ పుట్టిన చోటు తరువాత క్విన్సీ పట్టణం అయినది. అప్పటికి అమెరికా అనే స్వతంత్ర దేశం లేదు; ఉన్నవి బ్రిటిషువారి వలస రాష్ట్రాలు. 1775 జూన్ 17వ తేదీన బంకరు హిల్లు యుద్ధం జరిగినప్పుడు, ఇంకా ఎనిమిదేండ్లు నిండని ఈ బాలుడు తల్లి అబిగెయిలుతో కలిసి ఇంటి దగ్గరి కొండ ఎక్కి ఫిరంగుల మ్రోత విన్నాడు. దూరాన చార్లెసుటౌను పట్టణం తగులబడుతూండగా చూచినాడు. డెబ్బది ఏండ్ల తరువాత కూడ ఆ దృశ్యాన్ని గురించి ఆయన ఉత్తరాలలో వ్రాసుకొన్నారు. స్వాతంత్ర్య సమరాన్ని పుస్తకాలలో చదివి తెలుసుకొన్న తరానికీ, కండ్లతో చూచిన తరానికీ నడుమ ఆయన ఒక వంతెన వంటివారు.

పదేండ్ల వయస్సులో, తండ్రి ఫ్రాన్సుకు దౌత్యం మీద పోతూండగా, యుద్ధనౌకలో తానూ సముద్రం దాటినాడు. రెండవసారి పోయినది 1779లో. ఆ ఏడు నవంబరులో, పన్నెండవ ఏట, దినచర్య వ్రాయ మొదలుపెట్టినాడు. చనిపోయే సంవత్సరం వరకు ఆ దినచర్య ఆగలేదు. అది మొత్తం 51 సంపుటాలు. పుటలు 14 వేలకు పైమాటే. లైడెను విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివి, పదునాలుగవ ఏట అమెరికా రాయబారి ఫ్రాన్సిసు డేనాకు ఫ్రెంచి దుబాసిగా రష్యా రాజధాని సెంటు పీటర్సుబర్గుకు పోయినాడు. మన ఇండ్లలో ఆ వయస్సు పిల్లవానిని ఒంటరిగా పొరుగూరి సంతకు పంపుటకు కూడ సందేహిస్తాము!

తరువాతి ఉద్యోగ జీవితాన్ని త్వరగా దాటిపోవచ్చును. 1787లో హార్వర్డులో పట్టభద్రులైనారు, న్యాయవాది అయినారు. 1794లో వాషింగ్టను ఆయనను హాలెండుకు దూతగా పంపినారు. 1797లో లండనులో లూయీసా కేథరిను జాన్సనును వివాహమాడినారు. ప్రష్యాలో దూత, సెనేటులో సభ్యుడు, హార్వర్డులో వక్తృత్వ శాస్త్రానికి ఆచార్యుడు, రష్యాలో రాయబారి, బ్రిటనుతో యుద్ధం ముగించిన 1814 నాటి గెంటు సంధికి ముఖ్య ప్రతినిధులలో ఒకడు, లండనులో రాయబారి — ఇన్ని పదవులు యాబది ఏండ్లు నిండేలోపల నిర్వహించినారు. 1817 నుండి ఎనిమిదేండ్లు మన్రో ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి. స్పెయిను నుండి ఫ్లారిడా సంక్రమించిన 1819 నాటి ఒడంబడిక ఆయన చేతి పని. అమెరికా ఖండాలలో యూరపు రాజ్యాలు క్రొత్తగా వలసలు స్థాపించరాదని 1823లో వెలువడిన ప్రకటనకు మన్రో పేరు నిలిచినది గాని, అందులోని ఆలోచన చాలవరకు ఆడమ్సుది.

సెనేటులో ఉన్నప్పటి ఒక్క విషయం మాత్రం ఆగి చెప్పవలె. 1807లో ప్రభుత్వం విదేశీ వ్యాపారంపై నిషేధం పెట్టినది. మసాచుసెట్సు ఓడల వర్తకులకు అది ప్రాణాంతకం. ఆయనను సెనేటుకు పంపిన పార్టీ ఆ వర్తకుల పార్టీ. అయినా దేశ గౌరవానికి నిషేధం అవసరమని నమ్మి దానికి అనుకూలంగా ఓటు వేసినారు. స్వరాష్ట్రపు శాసనసభ ఆయన గడువు తీరక ముందే ఆ స్థానానికి వేరొకరిని ఎన్నుకొన్నది. 1808లో ఆయన రాజీనామా ఇచ్చినారు. పార్టీ కొరకు మాట మార్చే అలవాటు ఆయనకు ఆనాడు లేదు, తరువాతనూ రాలేదు.

మనిషి సరసుడు కాడు. తాను ముభావి, నిష్ఠురుడు, పదిమందిని దగ్గరకు రానీయనివాడు అని దినచర్యలో తానే వ్రాసుకొన్నారు. తెల్లవారకముందే లేచి బైబిలు చదువుట, అధ్యక్షుడై ఉండగా కూడ వేసవి ప్రొద్దుటిపూట పొటోమాకు నదిలో ఈదుట ఆయన నిత్యకృత్యాలు. ఓట్ల కొరకు చేయి కలిపి నవ్వుట మాత్రం ఆయనకు చేతకాని విద్య.

ఇటువంటి మనిషి 1824 ఎన్నికలో నిలిచినారు. అభ్యర్థులు నలుగురు. అధ్యక్షుని ఎన్నుకొనే నియోజకుల ఓట్లు 261; గెలుపునకు కావలసినవి 131. జాక్సనుకు 99, ఆడమ్సుకు 84, క్రాఫర్డుకు 41, క్లేకు 37 వచ్చినవి. ఎవరికీ ఆధిక్యం లేనందున, రాజ్యాంగం ప్రకారం మొదటి ముగ్గురిలో ఒకరిని ఎన్నుకొనే పని ప్రతినిధుల సభకు వచ్చినది. అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటు. సభాపతి అయిన క్లే తన పలుకుబడిని ఆడమ్సు వైపు మొగ్గించినారు. 1825 ఫిబ్రవరి 9వ తేదీన 24 రాష్ట్రాలలో 13 ఆడమ్సుకు అనుకూలంగా ఓటు చేసినవి. కావలసినవి కూడ సరిగా పదమూడే. కొద్ది దినాలకు ఆడమ్సు క్లేను తన విదేశాంగ మంత్రిగా నియమించినారు. ఇది బేరమే అని జాక్సను పక్షంవారు దేశమంతట చాటినారు. బేరం జరిగినదనుటకు సాక్ష్యం లేదు. అయినా ఆ నియామకం అవివేకమని మా అభిప్రాయం. నలుగురి నోట పడుట ఖాయమని తెలిసికూడ చేసిన పని అది.

అధ్యక్షుడుగా ఆయన కోరినవి గొప్ప సంగతులు: దేశానికంతటికీ ఒక విశ్వవిద్యాలయం, నక్షత్రశాల, రోడ్లు, కాలువలు, తూనికలకు కొలతలకు ఏకపద్ధతి. యూరపులో నూటికి పైగా ఉన్న నక్షత్రశాలలను ఆకాశానికి దీపస్తంభాలుగా వర్ణించి, అమెరికాలో ఒక్కటియు లేదని వాపోయినారు. కాంగ్రెసు నవ్వినది. ఆ దీపస్తంభాల మాట చాలా ఏండ్లు హాస్యానికి పనికివచ్చినది. జార్జియాలో క్రీకు తెగవారి భూములను మోసపు ఒడంబడికతో తీసుకొన్నారని తెలిసి దానిని మార్పించినారు గాని, ఆ రాష్ట్రపు గవర్నరు ఎదురుతిరుగగా వెనుకకు తగ్గినారు. తెగవారి భూములు పోనే పోయినవి. 1828 జూలై 4వ తేదీన చెసపీకు–ఒహాయో కాలువ త్రవ్వకానికి ఆరంభోత్సవం చేస్తూండగా పార వేరుకు తగిలి నేల దిగలేదు. రెండుమూడు సార్లు ప్రయత్నించి, పైకోటు విప్పి పారవేసి, గట్టిగా త్రవ్వి మన్ను తీసినారు. గుమిగూడిన జనం జయజయధ్వానాలు చేసినది. నాలుగేండ్లలో జనం ఆయనకు అంత మనసారా హర్షం తెలిపిన ఘట్టం మరొకటి కనబడదు. కోటు మరి నాలుగుసార్లు విప్పి ఉంటే బాగుండేదేమో! ఆ ఏటి ఎన్నికలో జాక్సనుకు 178 ఓట్లు, ఆయనకు 83.

ఓటమి వెంట మరొక దెబ్బ తగిలినది. 1829 ఏప్రిలులో పెద్ద కుమారుడు జార్జి వాషింగ్టను ఆడమ్సు ఓడ మీద నుండి సముద్రంలో పడి మరణించినాడు. అరువది రెండవ ఏట, పదవి పోయి, పుత్రశోకంతో, అప్పులతో క్విన్సీ చేరినారు. తండ్రి పుస్తకాలు సర్దుకొనుట, చెట్లు నాటుట తప్ప పని లేదు.

1830లో ఇరుగుపొరుగు జిల్లావారు కొందరు వచ్చి, ప్రతినిధుల సభకు నిలువవలసినదని కోరినారు. మాజీ అధ్యక్షునికి ఇది చిన్నతనం కాదా అని వచ్చినవారికే సంకోచం. ప్రజలు ఎన్నుకొంటే గ్రామ పాలకవర్గంలో పనిచేసినా మాజీ అధ్యక్షునికి చిన్నతనం లేదని ఆయన అన్నారు. భార్యకు ఇష్టం లేదు. కుమారుడు చార్లెసు ఫ్రాన్సిసుకు అసలే ఇష్టం లేదు. అయినా నిలిచి మంచి ఆధిక్యంతో గెలిచినారు. అధ్యక్షుడుగా ఎన్నికైనప్పటి సంతోషం ఇందులో సగమైనా లేదని ఆ దినాల దినచర్యలో వ్రాసుకొన్నారు.

ఇక అసలు కథ. 1831 డిసెంబరులో సభలో కూర్చున్న కొద్ది దినాలకే ఆయన పదిహేను అర్జీలు దాఖలు చేసినారు. పెన్సిల్వేనియాలోని క్వేకరులనే మతశాఖవారు పంపినవి అవి. రాజధానీ మండలంలో బానిసత్వాన్నీ, బానిసల క్రయవిక్రయాలనూ రద్దు చేయవలెనని వారి ప్రార్థన. నాడు అమెరికాలో బానిసల సంఖ్య సుమారు 20 లక్షలు. కాంగ్రెసు భవనానికి కనుచూపు మేరలో బానిసల అంగళ్ళు ఉండేవి. ఆడమ్సు అర్జీలు అందజేసినారు గాని, రాజధానిలో బానిసత్వాన్ని రద్దు చేయుటకు తాను అనుకూలుడను కానని కూడ చెప్పినారు. ఈ మాట మరువరాదు. ఆయన ఎన్నడూ ఒక్క బానిసనూ ఉంచుకొనలేదు; బానిసత్వం పాపమని నమ్మినారు; కాని దానిని కదిలిస్తే దేశం రెండుగా చీలునని భయపడినారు. విదేశాంగ మంత్రిగా, అధ్యక్షుడుగా ఆ విషయమై బహిరంగంగా మౌనం వహించినారు. ఆ మౌనానికి ఆయనను తప్పుపట్టేవారు నేడు కూడ ఉన్నారు. వారి మాటలో న్యాయం ఉన్నది. ఆయనను పోరాటానికి లాగినది మొదట బానిసత్వం కాదు, అర్జీ.

అర్జీ అనగా ఏమి? పదిమంది కలిసి వ్రాళ్ళు చేసి ప్రభువులకు తమ కష్టం విన్నవించుకొనుట. మన జిల్లాలలో పూర్వం దీనినే మహజరు అనేవారు. ఓటు లేనివానికి, అధికారులతో పరిచయం లేనివానికి, ప్రభుత్వపు గడప ఎక్కుటకు ఉన్న మెట్టు ఇదొక్కటే. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన మొదటి సవరణలో ఈ హక్కు స్పష్టంగా చేర్చబడినది. ఆనాడు స్త్రీలకు ఓటు లేదు. కనుకనే బానిసత్వాన్ని నిర్మూలించవలెనని ఉత్తరాది గ్రామాలలో ఇంటింటికి తిరిగి సంతకాలు సేకరించినవారిలో, చేసినవారిలో స్త్రీలే ఎక్కువ. 1830 తరువాతి ఏండ్లలో ఈ అర్జీలు వేల మీద వేలుగా కాంగ్రెసుకు వచ్చిపడ నారంభించినవి.

దక్షిణాది సభ్యులకు ఇది కంటగింపు అయినది. 1836 మే 26వ తేదీన, దక్షిణ కరొలైనా సభ్యుడైన పింక్నీ నాయకత్వాన ఒక తీర్మానం వచ్చినది: బానిసత్వానికి ఏవిధంగానైనా సంబంధించిన అర్జీలన్నిటినీ అచ్చువేయక, సంఘానికి పంపక, చర్చింపక, ప్రక్కన పెట్టివేయవలె. చరిత్రలో దీనికి ‘నోరు నొక్కే నిబంధన’ అన్న పేరు స్థిరపడినది. ఆడమ్సు మాట్లాడబోగా సభాపతి పోల్కు అవకాశం ఇవ్వలేదు. నా నోరు నొక్కివేసినారా, లేదా అని ఆయన లేచి అడిగినారు. వోట్లకు పేర్లు పిలిచినప్పుడు, ఈ తీర్మానం రాజ్యాంగానికి, సభా నియమాలకు, తన్ను ఎన్నుకొన్నవారి హక్కులకు విరుద్ధమని కేకవేసి చెప్పి కూర్చున్నారు. తీర్మానం 117 మందితో నెగ్గినది. వ్యతిరేకించినవారు 68 మంది.

ఆ తరువాత ఎనిమిదేండ్లకు పైగా, కాంగ్రెసు సమావేశమైనప్పుడెల్ల, అర్జీలకు కేటాయించిన దినాన ఆ ముసలివాడు బల్ల మీద కాగితాల కట్ట పెట్టుకొని లేచేవాడు. ఒక అర్జీ పేరు చెప్పుట, సభ్యులు అరచుట, సభాపతి కూర్చోమనుట. మరొక అర్జీ, మరల అరపులు. సభా నియమాలు ఆయనకు కరతలామలకం. నిబంధన మాటలలో ఎక్కడ సందు ఉన్నదో వెదకి అక్కడినుండి దూరేవారు. చంపుతామని బెదిరిస్తూ ఉత్తరాలు వచ్చేవి.

1837 ఫిబ్రవరి 6వ తేదీ ఘట్టం మాత్రం వివరంగా చెప్పదగినది. అర్జీలు ఇస్తూ ఇస్తూ ఆయన సభాపతిని ఒక సందేహం అడిగినారు. తన వద్ద ఒక కాగితం ఉన్నది; దానిని పంపినవారు 22 మంది, తాము బానిసలమని చెప్పుకొంటున్నారు; ఇది నిబంధన క్రిందికి వస్తుందా, రాదా? సభలో గగ్గోలు పుట్టినది. బానిసల అర్జీని సభకు తెచ్చుటయా! ఆయనను అభిశంసించవలెనని ఒకరి తరువాత ఒకరు తీర్మానాలు ప్రతిపాదించినారు. చాలసేపు తిట్టనిచ్చిన పిదప ఆడమ్సు నెమ్మదిగా లేచి మనవి చేసినారు: తాను అర్జీని దాఖలు చేయలేదు, సందేహం మాత్రమే అడిగినాడు, పైగా ఆ అర్జీదారులు కోరినది బానిసత్వం రద్దు కారాదని! ఆయనను ఎగతాళి చేయుటకు ఎవరో పంపిన బూటకపు కాగితమై ఉండవచ్చును. ఎగతాళి ఎవరికి తగిలినదో మనం ఊహించుకొనవచ్చును. ప్రతిపక్షులు తమ తీర్మానాల మాటలు మార్చుకొనవలసివచ్చినది. నాలుగు దినాల రభస తరువాత కూడ అభిశంసన నెగ్గలేదు. బానిసలకు అర్జీ పెట్టుకొనే హక్కు లేదని మాత్రం సభ పెద్ద ఆధిక్యంతో తీర్మానించి తృప్తిపడినది. ఆడమ్సు వాదం వేరు: దీనులు దేవుని ప్రార్థించుటకు ఎవరి సెలవూ అక్కరలేనప్పుడు, మనుష్యుల సభ అంతకంటె గొప్పదా?

1838 వేసవిలో టెక్సాసును దేశంలో కలుపుకొనే ప్రశ్న వచ్చినది. అది వస్తే బానిస రాష్ట్రాల బలం పెరుగును. స్త్రీలు రాజకీయ విషయాలలో అర్జీలు పెట్టుట వారికి తగదని మేరీలాండు సభ్యుడైన హవర్డు అన్నారు. ఆడమ్సు దీనికి జవాబుగా, దినానికి కొంతసేపు చొప్పున, మూడు వారాలు మాట్లాడినారు. బైబిలులోని ఎస్తేరు, దెబోరాలు మొదలు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పాల్గొన్న స్త్రీల వరకు పేరుపేరున తెచ్చి, దేశ వ్యవహారం స్త్రీలకు సంబంధించనిదా అని అడిగినారు. కొండమీద నిలిచి తల్లితో యుద్ధం చూచిన కుర్రవాడు ఆ మాట అనుట సహజమే.

ఈ నడుమ 1839లో అమిస్టాడు అనే ఓడ కథ జరిగినది. ఆఫ్రికాలోని మెండే ప్రాంతం నుండి అక్రమంగా క్యూబాకు తెచ్చి అమ్మిన 53 మందిని ఇద్దరు స్పెయినువారు ఆ ఓడలో వేరొక రేవుకు తీసుకొనిపోతున్నారు. దారిలో సింకే అనే యువకుని నాయకత్వాన వారు తిరుగబడి ఓడ వశం చేసుకొన్నారు; ఆఫ్రికాకు నడపమన్నారు. స్పెయినువారు పగలు తూర్పునకు, రాత్రి ఉత్తరానికి త్రిప్పి మోసగించినారు. చివరకు ఓడ అమెరికా తీరంలో నౌకాదళానికి చిక్కినది. ఆఫ్రికనులను కనెక్టికటు రాష్ట్రంలో జైలులో పెట్టినారు. వారి భాష తెలిసినవారు లేరు. యేలు కళాశాల ఆచార్యుడు గిబ్సు వారి వద్ద ఒకటి నుండి పది వరకు అంకెలు నేర్చుకొని, న్యూయార్కు రేవులో నావికుల మధ్య ఆ అంకెలు బిగ్గరగా లెక్కపెడుతూ తిరిగినారు. ఆ భాష తెలిసిన జేమ్సు కోవీ అనే నావికుడు ఆ విధంగా దొరికినాడు. అప్పుడు గాని ఖైదీల కథ లోకానికి తెలియలేదు.

క్రింది న్యాయస్థానం వారిని విడువమన్నది. వాన్ బ్యూరెను ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసినది. ఆ కోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు. అందులో ఐదుగురు దక్షిణాదివారు. ఖైదీల పక్షాన ఉన్న బాల్డ్విను అనే న్యాయవాదికి తోడుగా నిలువవలసినదని ఆడమ్సును కోరినారు. ఆయన వయస్సు 73, ఆ కోర్టులో వాదించి ముప్పదేండ్లు దాటినది, చేయి వణకుతున్నది. మొదట కాదన్నారు, పిదప ఒప్పుకొన్నారు. ఖైదీలలో కాలే అనే పిల్లవాడు అప్పటికే ఇంగ్లీషు నేర్చుకొని ఆయనకు ఒక ఉత్తరం వ్రాసినాడు. 1841 ఫిబ్రవరి 24వ తేదీన ఆయన నాలుగు గంటలకు పైగా మాట్లాడినారు. ఆ రాత్రి న్యాయమూర్తులలో ఒకరు నిద్రలో మరణించినందున కోర్టు కొన్ని దినాలు మూసి, మార్చి 1వ తేదీన మరల కూర్చున్నది. కోర్టు గోడకు వ్రేలాడుతున్న స్వాతంత్ర్య ప్రకటనను చూపి, ఈ మనుష్యుల విషయంలో నాకు తెలిసిన చట్టం అదే అన్నారు.

మార్చి 9వ తేదీన న్యాయమూర్తి స్టోరీ తీర్పు చెప్పినారు. వారు చట్టవిరుద్ధంగా అపహరించబడిన స్వతంత్రులు, కనుక విడుదల. బానిసత్వం తప్పని కోర్టు అనలేదు. స్పెయిను చట్టం ప్రకారం వీరు బానిసలు కారని మాత్రమే అన్నది. ఈ తేడాను కొందరు రచయితలు మరచి వ్రాస్తుంటారు. బ్రతికి మిగిలిన 35 మంది, దాతలు ఇచ్చిన ధనంతో, ఆ ఏడు నవంబరులో ఓడ ఎక్కి స్వదేశం చేరినారు.

సభలో పోరు ఆగలేదు. 1840లో నోరు నొక్కే నిబంధనను తాత్కాలిక తీర్మానంగా కాక శాశ్వత నియమంగా చేసినారు. ఈసారి ఆధిక్యం 114కు 108 మాత్రమే. ఉత్తరాది సభ్యులు తమ ఓటర్లకు జవాబు చెప్పుకొనలేకుండా ఉన్నారని ఆ అంకెలే చెబుతున్నవి. బానిసత్వ నిర్మూలనవాదులతో ఏకీభవించనివారు కూడ, అర్జీని చదవనైనా చదవరా అని అడుగసాగినారు.

1842 జనవరిలో ఆడమ్సు మసాచుసెట్సులోని హేవరిలు పట్టణవాసులు 46 మంది సంతకాలు చేసిన అర్జీని సభ ముందుంచినారు. దేశ సమాఖ్యను శాంతియుతంగా రద్దు చేయవలెనని వారి కోరిక! ఆడమ్సుకు అది సమ్మతం కాదు; ఎందుకు సమ్మతం కాదో కారణాలు చెప్పి జవాబిచ్చుటకు ఒక సంఘం వేయవలసినదని ప్రతిపాదించినారు. ప్రతిపక్షులకు ఇదే అదను అనిపించినది. కెంటకీ సభ్యుడు మార్షలు, ఇది రాజద్రోహం వంటిదనీ, బహిష్కారానికి అర్హమనీ, అయినా దయతలచి తీవ్రంగా అభిశంసిస్తే చాలుననీ తీర్మానం ప్రవేశపెట్టినారు. తన్ను తాను సమర్థించుకొనుటకు లేచిన ఆడమ్సు మొదట కోరినది ఒక్కటే: స్వాతంత్ర్య ప్రకటన మొదటి భాగాన్ని గుమాస్తా చదవవలె. ప్రజల హక్కులను నాశనం చేసే ప్రభుత్వాన్ని మార్చుటకు ప్రజలకు అధికారమున్నదని చెప్పే భాగం అది. గుమాస్తా చదివినాడు, సభ విన్నది.

రెండు వారాలు ఆ విచారణ నడచినది. 74 ఏండ్ల వృద్ధుడు పగలు సభలో నిలిచి, రాత్రి పత్రాలు చూచుకొంటూ వచ్చినారు. వెల్డు అనే నిర్మూలనవాది ఆధారాలు వెదకి అందించేవారు. తనపై నిందమోపినవారిని ఒక్కొక్కరినే ఆయన బోను ఎక్కించినట్లు చేసినారు. ఇంకా తన సమర్థన ముగియలేదనీ, మరి కొన్ని దినాలు కావలెననీ చెప్పగా, సభకు ఓపిక నశించినది. ఫిబ్రవరి 7వ తేదీన 106 మంది, 93 మందికి ఎదురుగా, ఆ తీర్మానాన్నే ప్రక్కన పెట్టివేసినారు. అర్జీలను ప్రక్కన పెట్టే సభ, అర్జీదారుని పక్షాన నిలిచినవానిపై తాను తెచ్చిన తీర్మానాన్ని ప్రక్కన పెట్టుకొన్నది. ఆడమ్సు మిగిలిన అర్జీలు తీసి వరుసగా ఇవ్వ మొదలుపెట్టినారు.

ఆ నిబంధనను తొలగించవలెనని ఆయన ప్రతిపాదించిన తీర్మానం 1844 డిసెంబరు 3వ తేదీన నెగ్గినది. అనుకూలం 108, ప్రతికూలం 80. ఆ రాత్రి దినచర్యలో దేవునికి కృతజ్ఞత చెప్పుకొన్నారు. దానితో బానిసత్వం పోలేదు. ఒక్క బానిసకు సంకెల వదలలేదు. అందుకు ఇంకా ఇరువది ఏండ్లు, అంతర్యుద్ధం, 1865 నాటి రాజ్యాంగ సవరణ కావలసివచ్చినవి. యుద్ధకాలంలో ప్రభుత్వం తన యుద్ధాధికారాలతో బానిసలను విడుదల చేయవచ్చునని ఆడమ్సు 1836లో ఒకసారి, 1842లో మరొకసారి సభలో వాదించి ఉన్నారు. 1863లో లింకను వెలువరించిన విమోచన ప్రకటనకు ఆధారం ఆ యుద్ధాధికారమే.

అర్జీల హోరులో ఆయన మరొక పని మరువలేదు. ఎన్నడూ అమెరికాను చూడని జేమ్సు స్మిత్సను అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, విజ్ఞానాన్ని పెంపొందించుటకై ఐదు లక్షల డాలర్లకు మించిన ఆస్తిని ఆ దేశానికి వ్రాసి మరణించినారు. ఆ ధనం చిల్లర ఖర్చులకు కరగిపోకుండా ఏండ్ల తరబడి కాపలా కాచినవారిలో ముఖ్యుడు ఆడమ్సు. 1846లో స్మిత్సోనియను సంస్థ వెలసినది. 1843 నవంబరులో, 76వ ఏట, చలిలో వేయి కిలోమీటర్లకు పైగా ప్రయాణంచేసి సిన్సినాటిలో నక్షత్రశాలకు పునాదిరాయి వేసి వచ్చినారు. దీపస్తంభాల మాటకు నవ్వినవారిలో కొందరు ఆనాటికి సజీవులు.

1848 ఫిబ్రవరి 21వ తేదీన సభ జరుగుతున్నది. మెక్సికో యుద్ధంలో పోరాడిన సేనానులను గౌరవించే తీర్మానం వచ్చినది. బానిసత్వాన్ని విస్తరించుటకై చేసిన యుద్ధమని ఆయన మొదటినుండి దానికి విరోధి. కాదని గట్టిగా ఓటు చెప్పినారు. కొంతసేపటికి మాట్లాడుటకు లేవబోయి, బల్లను పట్టుకొని ప్రక్కకు ఒరిగిపోయినారు. సభాపతి గదిలోకి మోసుకొనిపోయినారు. రెండు దినాలు అక్కడనే ఉండి, 23వ తేదీ సాయంకాలం, 80వ ఏట కన్నుమూసినారు. ఆ సభలో అప్పుడు ఇల్లినాయి నుండి వచ్చిన క్రొత్త సభ్యుడొకరు ఉన్నారు, పేరు అబ్రహాం లింకను. అంత్యక్రియల ఏర్పాట్లకు వేసిన సంఘంలో ఆయనను కూడ చేర్చినారు. దేహాన్ని క్విన్సీకి తీసుకొనిపోయి సమాధి చేసినారు. నేడు ఆ ఊరి చర్చి క్రింది గదిలో తల్లిదండ్రులూ, ఆయనా, భార్య లూయీసా నలుగురూ ఒకచోటనే ఉన్నారు.

ఆనాటి సభామందిరంలో ఇప్పుడు సభ జరుగదు. రాష్ట్రాలు పంపిన విగ్రహాలు అందులో నిలిచి ఉన్నవి. ఆడమ్సు బల్ల ఉండిన చోట నేలలో ఒక కంచు ఫలకం పొదిగినారు. అక్కడ నిలిచినవారికి, దూరాన మరొక చోట గుసగుసలాడినా స్పష్టంగా వినిపిస్తుంది. ముసలి ఆడమ్సు నిద్ర నటిస్తూ ప్రతిపక్షుల రహస్యాలు వినేవారని ఆ మందిరం చూపించేవారు యాత్రికులకు కథ చెబుతారు. ఆ పైకప్పు ఇరువదవ శతాబ్ది ఆరంభంలో క్రొత్తగా వేసినది కనుక కథ నమ్మదగినది కాదు. ఆయనకు గుసగుసలు వినవలసిన అవసరమూ కలుగలేదు. ఆయనను గురించి సభలో అన్నవన్నీ బిగ్గరగానే అన్నారు.